వైద్యుడికి వేదాంతం దేనికి?

కిందటి సంక్రాంతి విందులో భోజనాలయ్యాక ఒక మిత్రుడు నన్ను పక్కకి పిలిచి, "మీరు డాక్టరు కదా, మీరే చెప్పండి. మా అమ్మాయి మెడిసిన్‌కి వెళ్ళాలని కాలేజీలో చేరింది. బయాలజీ, కెమిస్ట్రీ చదువుకోవలసిన పిల్లచేత తత్త్వశాస్త్రమూ, సంగీతమూ, రోమను చరిత్రా చదివిస్తున్నారు. ఒక్కొక్క కోర్సుకీ వేల డాలర్లు కట్టేది నేను. ఇదేం న్యాయమండీ?" అని అడిగారు. నేను నవ్వేసి, "అవేవీ లేకుండానే మనకి వైద్యం వచ్చింది కదండీ" అన్నాను. ఆయన సంతోషించారు. తీరా ఇంటికి వస్తుంటే, నేనన్న మాట సగం అబద్ధమనిపించింది. ఆ సగం ఏదో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలూ.

మన చదువు సంగతి మీకు తెలియనిది కాదు. పదో తరగతి కాగానే ఎంపీసీ, బైపీసీ అని దారులు చీలిపోతాయి. బైపీసీలో చేరిన రోజుకి నాకు పదిహేనేళ్ళు. చరిత్రకీ, లెక్కలకీ ఆ రోజే నమస్కారం పెట్టాను. మార్కులు బాగా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకున్నాను. మార్కులైతే వచ్చాయి, సంస్కృతం మాత్రం రాలేదు. రెండేళ్ళు తిరిగేసరికి మెడికల్ కాలేజీలో శవం ముందు నిలబెట్టారు. మొత్తం ఐదున్నరేళ్ళలో చావు గురించి మాకు శ్రద్ధగా చెప్పిన పాఠం ఒక్కటే, అదీ ఫోరెన్సిక్ మెడిసిన్‌లో: మనిషి పోయి ఎన్ని గంటలైందో కనుక్కోవడం ఎలా అని. (2019లో చేరిన బ్యాచి నుంచి ఎంబీబీయస్‌లో వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠ్యాంశాలయ్యాయి. మాకు ఆ భాగ్యం లేదు.)

ఈ దేశంలో మెడికల్ స్కూలుకి ముందు నాలుగేళ్ళ డిగ్రీ చదవాలి. అందులో ఏ శాఖవారైనా తప్పనిసరిగా చదవవలసిన భాగానికే జనరల్ ఎడ్యుకేషన్ అని పేరు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు విద్యార్థులందరికీ సమకాలీన నాగరికత మీద ఒక కోర్సు పెట్టారు. రెండో యుద్ధం నడుస్తుండగా 1943లో హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ ఇదే విషయం మీద ఒక సంఘాన్ని వేశారు. వారి నివేదిక 1945లో వచ్చింది. ఎర్ర అట్ట వేశారు కనక దాన్ని ఎర్ర పుస్తకమన్నారు. విద్యార్థికి అలవడవలసినవని వారు చెప్పినవి నాలుగు: సరిగా ఆలోచించడం, ఆలోచనను ఎదుటివారికి అందేలా చెప్పడం, సందర్భానికి తగిన నిర్ణయం చేయడం, విలువల మధ్య తేడా పోల్చుకోవడం. చదవగానే ఇవన్నీ ఎవరికి తెలియవు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది.

నేను రెసిడెన్సీ మూడో ఏడులో ఉండగా ఒక ముసలాయన వార్డులో చేరారు. కొన్నేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలిసిస్ మీద బతుకుతున్నారు. ఒకనాడు పొద్దున్నే, "ఇక చాలు డాక్టర్, ఆపేద్దాం" అన్నారు. నేను పొటాషియం ఎంతుందో, క్రియాటినిన్ ఎంతుందో, ఆపితే ఏమవుతుందో అంకెలతో సహా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, మళ్ళీ అదే మాట అన్నారు. ఇది ఆత్మహత్య ఆలోచనే అని నేను నిశ్చయించుకుని, సైకియాట్రీ వారికి కబురు పెట్టి, వాళ్ళు వచ్చేలోగా బతిమాలి, భయపెట్టి మరి రెండుసార్లు డయాలిసిస్ చేయించాను. నా మనసులో మంచిపని చేస్తున్నాననే ఉంది సుమండీ.

మా జట్టులో ఒక మెడికల్ విద్యార్థిని ఉండేది. ఆ అమ్మాయి మధ్యాహ్నం కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, "మీ వారం ఎలా గడుస్తుంది?" అని అడిగింది. డయాలిసిస్ నుంచి వచ్చిన రోజు పడకే, మర్నాడు కాస్త తేరుకోవడం, ఆ మర్నాడు మళ్ళీ ప్రయాణం. తనది అనుకోవడానికి ఒక్క పూట మిగలడం లేదన్నారాయన. తరవాత వరండాలో ఆ పిల్ల నాతో, "ఆయన చావాలనుకోవడం లేదు, ఇలా బతకడం వద్దంటున్నారు. ఆ రెండూ ఒకటి కావు కదా" అంది. ఇది నీకెవరు చెప్పారమ్మా అంటే, కాలేజీ రెండో ఏట క్రెడిట్లు తక్కువై, టైమ్‌టేబుల్‌కి కుదిరిందని ఒక తత్త్వశాస్త్రం కోర్సు తీసుకుందట. వైద్యం వద్దనడమూ, ప్రాణం తీసుకోవడమూ ఒకటేనా అని వ్యాసం రాయించి, ఒకటే అన్నందుకు మాస్టారు మూడుసార్లు తిప్పికొట్టారట.

సైకియాట్రీ వారు వచ్చి ఆయన మతి నిక్షేపంగా ఉందన్నారు. ఇంటికి వెళ్ళిన తొమ్మిదో రోజున పోయారు. ఆయనకి మిగిలిన ఆ కొద్ది రోజుల్లో నాలుగింటిని ఆసుపత్రిలో ఖర్చుపెట్టించింది నేను. అంకెలు తప్పు చెప్పలేదు, ఆయన అడుగుతున్న ప్రశ్న ఏమిటో గుర్తుపట్టలేదంతే.

ఆ మాత్రం వివేకానికి వేల డాలర్లు కావాలా అని మీరనవచ్చు. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళకండిరా" అంటే, ఇంట్లో ఎవరూ ఆవిడకి పిచ్చెత్తిందనుకోలేదు. అది నేను కళ్ళారా చూసినదే. అయినా వార్డులో నాకు నాయనమ్మ గుర్తు రాలేదు. ఇంట్లో నేర్చినది చదువు కాదనీ, పరీక్షలో వచ్చేదే చదువనీ నాకు బాగా వంటబట్టింది. ఇంటి మాటనీ వార్డు మాటనీ ఒకచోట పెట్టి చూడమని నన్ను కూర్చోబెట్టినవారు లేరు. జనరల్ ఎడ్యుకేషన్ లక్ష్యమంటూ ఒకటుంటే, నా మట్టుకు నాకు అదే.

అయితే దీన్ని మరీ నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఎర్ర పుస్తకం రాయించిన కోనంట్ రసాయనశాస్త్రవేత్త. ఆటంబాంబు పరిశోధనకి పైనుండి చూసుకున్నవారిలో ఒకరు. 1945 మే 31న జరిగిన సమావేశంలో, చుట్టూ కార్మికుల ఇళ్ళున్న యుద్ధ కర్మాగారం బాంబుకి తగిన గురి అన్న సూచన ఆయనదేనని ఆ సమావేశపు రికార్డులో ఉంది. విలువల మధ్య తేడా పోల్చుకోవడం నేర్పాలన్న పుస్తకమూ ఆ ఏడాదిదే. నేను ఆయన్ని తూచడానికి తగను. యుద్ధం త్వరగా ముగిస్తే ఎక్కువమంది బతుకుతారని ఆయన నిజంగా నమ్మి ఉండవచ్చు. కాని ఈ చదువు మనిషిని మంచివాణ్ణి చేసి తీరుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

మన దేశానికీ ఈ ఆలోచన కొత్తది కాదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకి 1931 నుంచి 1936 దాకా వైస్ చాన్సలరుగా ఉన్న రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన వేసిన కమిషన్, 1949లోనే మన కాలేజీల్లో జనరల్ ఎడ్యుకేషన్ ఉండాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు నా బైపీసీ తరగతి గది దాకా రాలేదు.

మొన్న ఆ మిత్రుడికి ఫోన్ చేసి నా మాట వెనక్కి తీసుకున్నాను. అమ్మాయిని కూడా పిలిచి తత్త్వశాస్త్రం ఎలా ఉందమ్మా అని అడిగాను. క్లాసులో మూడు వందల మందట. పరీక్ష అంటే నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టడమట. చచ్చినట్టు నేను బైపీసీలో చేసిందీ అదే! దీనికి వేల డాలర్లు దండగేనని ఒప్పుకున్నాను. వచ్చే సెమిస్టరులో ఇంకో కోర్సుందట, పదిహేను మందే, వారానికో వ్యాసం, మార్కులు మాత్రం పిసినారితనంగా వేస్తారట. అది తీసుకుంటే జీపీఏ పడిపోయి మెడిసిన్ సీటుకే ముప్పు రావచ్చని తండ్రి భయం. భయం అబద్ధం కాదు, మెడికల్ స్కూళ్ళు జీపీఏ చూస్తాయి. ఏం చేయమంటారని అడిగారు. చేరమన్నాను. ఆయన అటునుంచి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీకేమండీ, మీకు సీటొచ్చేసింది" అన్నారు.