కొమ్మల కోతలో మితము

వానలు తప్పిన ఏట కనగానపల్లి పరిసరములలో మేకలకాపరి దోటితో వేపకొమ్మలను, రావికొమ్మలను కోసి మందకు వేయుట తరతరములుగా వచ్చుచున్న వాడుక. దానిని హింస యని ఎవ్వరును తలపరు. ఆకలి కొలది కోత; చెట్టు చిగిర్చిన పిమ్మటనే మరల దోటి. పట్టణములలోని ఉద్యానవనములలో కానవచ్చునది వేరొక దృశ్యము. నలువది యేండ్లు పెరిగిన కానుగనో, నిద్రగన్నేరునో భుజముల వరకు తెగవేసి, మొండెమును మాత్రము మిగిల్చి పోవుదురు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురపు సీమలో నీడ యెంత దుర్లభమో యెరిగినవారికి ఇది చూచుటకే కష్టము. ఇట్లేల చేయుదురు?

కారణములు లేకపోలేదు. విద్యుత్తు తీగలకు కొమ్మలు తగులరాదు. గాలివానలో విరిగి పడరాదు. దీపముల వెలుతురు నేలకు చేరవలయును. క్రింద పెంచిన పచ్చికకు ఎండ తగులవలయును. ఎండ కొరకు చెట్టును నరికి, ఆ ఎండకే మాడిన పచ్చికకు నీరు పెట్టుట కరవుసీమలో ఏమి ముచ్చటయో! వీని వెనుక నున్న అసలు కారణము వేరు. ఏటేట కొద్దికొద్దిగా చూచి కోయుటకు పని తెలిసిన మనిషి కావలయును, కూలి ఏటేట ఇయ్యవలయును. ఒక్కసారి బోడిగా కొట్టించినచో కొన్నేండ్లు అటు చూడనక్కరలేదు. ఐరోపా నగరములలో బోడితలలతో నిలిచిన చెట్లను చూపి కొందరు దీనిని సమర్థింతురు. ఆ చెట్లను లేతవయస్సు నుండియే ఒకే తావున తరచుగా కోయుచు అలవాటు చేయుదురు. ముదిరిన చెట్టును ఒక్క దినమున తెగవేయుట ఆ పద్ధతి కాదు.

ఆకు చెట్టునకు వంటయిల్లు. అది పోయిన చెట్టు దాచుకొన్న ఆహారమును వెచ్చించి తొందరతొందరగా చిగుళ్ళు వేయును. చూచినవారు చెట్టు బాగుగా తేరుకొన్నదని సంతోషింతురు. కాని ఆ కొత్తకొమ్మలు లోపలి చేవలో నాటుకొనక పైపొరలనే అంటిపెట్టుకొని యుండును. బరువెక్కిన కొలది సులభముగా ఊడిపడును. పెద్దగాయము మనిషి గాయమువలె మానదు. చెట్టు దానిచుట్టు గోడ కట్టుకొనునే గాని కుళ్ళిన భాగమును బాగుచేసికొనలేదని అమెరికా శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో గత శతాబ్దమున వేల చెట్లను చీల్చి చూపెను. కొమ్మ మొదటనుండు ఉబ్బెత్తు కంకణమును తాకక, దాని వెలుపల కోసిననే గాయము త్వరగా మూతపడును. కొమ్మ పడునను భయముతో చేసిన మితిమీరిన కోతయే కొన్నేండ్లకు పడు కొమ్మలను పుట్టించుచున్నది.

భయము మాత్రము నిజమైనదే. చెట్టు క్రింద ఆడుకొను బిడ్డ ప్రాణముకంటె కొమ్మ గొప్పది కాదు. మహబూబ్‌నగరు పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్దకొమ్మ విరిగి పడగా సందర్శకులను ఆపివేసిరి, చెట్టును కొట్టివేయలేదు. 2018లో రోగికి సెలైను ఎక్కించునట్లు చెదలమందును బొట్టుబొట్టుగా మానులోనికి ఎక్కించిరి, వాలిన కొమ్మలకు ఊతములు నిలిపిరి. 1989లో గిన్నిస్ పుస్తకమున కెక్కి, సుమారు ఐదెకరములు పరచుకొన్న తిమ్మమ్మ మర్రిమాను కనగానపల్లి యున్న శ్రీ సత్యసాయి జిల్లాలోనిదే. అక్కడ వెదురుబొంగులలో మట్టిని, ఎరువును నింపి లేత ఊడలను నేలకు దింపుదురు. ముదిరిన ఊడయే కొమ్మ బరువును మోయును. కోత తప్పని తావును కలదు. హౌరా వృక్షోద్యానములోని మహావటమునకు శిలీంధ్రము పట్టగా 1925లో నడిమి మానునే తొలగించిరి. ఊడల బలముతో ఆ చెట్టు నేటికిని బ్రతికియున్నది.

శరణుల కథలలో ఆయ్దక్కి మారయ్య కాయకము నేలరాలిన బియ్యమును ఏరుకొనుట. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు భార్య లక్కమ్మ ఆ యెక్కువను తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. అది దొంగిలించిన బియ్యము కాదు, నేలపాలైనదే. అయినను ఎక్కువ ఎక్కువే. తీగకు తగులు కొమ్మ ఒకటైనచో పది కోయుట దేనికని రంపము పట్టించువారిని అడుగవలదా? కూలివానిని నిందించుట న్యాయము కాదు. బండ్ల లెక్కన కూలి కట్టినచోట, కొట్టిన కలప కాంట్రాక్టరుకే చెందునని వ్రాసినచోట, చేతికి మితము ఎక్కడినుండి వచ్చును? తప్పు ఆ కాగితమున నున్నది. మఠపు ఆవరణలోని రావియైనను, పురపాలక ఉద్యానములోని కానుగయైనను, చెట్టు నెరిగినవాడు ముందుగా చుట్టు తిరిగి చూచి, కోయవలసిన తావులకు సున్నముతో గురుతు పెట్టవచ్చును. ఆ గురుతుల మేరకే కూలి ఇయ్యవచ్చును. అందుకు పట్టునది ఒక పూట, ఒక డబ్బా సున్నము.