కాలదోషము పట్టిన అప్పు



వాణిజ్య విద్య చదువుచున్న మన యువకుడొకడు సెలవులకు ఇంటికి వచ్చి మమ్మును ఇట్లడిగెను: "అయ్యగారూ, మా నాయన మా మేనత్తకు వ్రాసి యిచ్చిన నోటుకు మూడేండ్లు దాటిపోయినవి. ఇక అది కోర్టులో చెల్లదని మా పాఠములో ఉన్నది. ఆ బాకీ తీర్చనక్కరలేదు గదండీ?"

ఆ మేనత్త విధవరాలు. నోటు వెనుక చెల్లు వేయుమని అడిగినచో తమ్ముడు నొచ్చుకొనునని ఊరకుండినది.

పిల్లవాడు పాఠమును సరిగానే చదివెను. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, అడిగినప్పుడు ఇచ్చెదనని వ్రాసిన నోటుపై, వ్రాసిన తేదీ మొదలుకొని 3 సంవత్సరములలోగా దావా వేయవలెను. ఆ గడువులోగా బాకీదారుడు కొంత సొమ్ము కట్టి, చెల్లు వ్రాసి సంతకము చేసినను, బాకీ ఉన్నదని ఒప్పుకొని వ్రాసి సంతకము చేసినను, ఆనాటినుండి గడువు మరల మొదలగును. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినను, కోర్టు కొట్టివేయవలసినదే.

ఈ చట్టము అన్యాయమని మేము చెప్పము. ఏండ్లు గడచినకొలది సాక్షులు చనిపోవుదురు; రసీదులను చెదలు తినును. తీర్చిన అప్పునే మరల తీర్చుమని 30 ఏండ్ల తరువాత ఎవరైనను నిలదీసినయెడల బీదవాడు ఏమి చూపగలడు? అట్టివానిని ఈ గడువు కాపాడును.

అయితే చట్టము మూసినది కోర్టు తలుపునే గాని, అప్పును కొట్టివేయలేదు. 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టమును చూడుడి. కాలదోషము పట్టిన అప్పును తీర్చెదనని బాకీదారుడు వ్రాసి సంతకము చేసినచో, క్రొత్తగా ఏమియు పుచ్చుకొనకపోయినను ఆ మాట చెల్లునని 25వ సెక్షను చెప్పుచున్నది. ఏ బాకీక్రింద జమ కట్టవలెనో తెలుపకుండ సొమ్మిచ్చినచో, అప్పిచ్చినవాడు దానిని కాలదోషము పట్టిన బాకీక్రిందనైనను జమ కట్టుకొనవచ్చునని 60వ సెక్షను చెప్పుచున్నది. అప్పు నిజముగా చచ్చియుండినయెడల చట్టము దానికి ఇంత చోటిచ్చునా?

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఏడేండ్లకొకసారి తోటివాని అప్పు విడిచిపెట్టవలెనను ఆజ్ఞ గలదు. అది ఎవరికియ్యబడెను? అప్పిచ్చినవానికి. విడిచిపెట్టుట అతని కనికరము. బాకీదారుడు దానిని తనంతట తానే తీసికొనినచో అది కనికరము కాదు, అపహరణము. మేనత్త ఊరకుండుట క్షమించుట కాదు, నమ్ముట. ఆ నమ్మకమే ఆమెకు నష్టము కావలెనా?

"తీర్చు శక్తి లేనివాడేమి చేయును?" అందురేమో. అతడు వెళ్లి ఉన్నమాట చెప్పవలెను. ఇయ్యగలిగినంతకు క్రొత్త కాగితము వ్రాసి, పంట చేతికి వచ్చినప్పుడెల్ల కొంతకొంత కట్టవలెను. ఆమె విడిచిపెట్టినచో కృతజ్ఞతతో పుచ్చుకొనవచ్చును. నోరు మూసికొని గడువు లెక్కపెట్టుకొనుట మాత్రము తగదు.

చదువుకొను పిల్లలారా, చట్టమును బాగుగా నేర్చుకొనుడి. గడువులోగా చెల్లు వేయించుకొనుట నామోషీ కాదని మీ పెద్దలకు, ముఖ్యముగా చదువురాని తల్లులకు, తెలియజెప్పుడి. కోర్టు నాచేత ఏమి కట్టించగలదు అనునది ఒక ప్రశ్న; నేను ఎవరికేమి బాకీయున్నాను అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు మీ పుస్తకములో ఉన్నది. రెండవదానికి మేనత్త ముఖము చూచి జవాబు చెప్పవలసియున్నది.