నీరు వెడలు త్రోవ

సూర్యపుత్రిక యగు తపతి పేరు మహాభారతము చదివినవారెఱుగనిది కాదు. కురుమహారాజునకు తల్లియైన ఆ తపతియే తాపీనది యని పశ్చిమదేశపు జనులు కొలుతురు. ముల్తాయికడ పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు పడమరకు ప్రవహించి, సూరతు నగరమును దాటి ఆ నది అరేబియా సముద్రమున కలియుచున్నది. మొగలాయి పాదుషాల కాలమున పెద్ద యోడలు నదిలోని ఇసుకమేటలకు వెఱచి సువాలి రేవుననే లంగరు దించెడివి. అచ్చటినుండి సరకును ఊరికి చేర్చుటలో చిన్ననావల సేవ ఇంతింత యనరానిది.

చిన్ననావలలో పెక్కింటికి వెనుకభాగమున, అడుగునకు దగ్గరగా, ఒక తూము ఉండును. దానికొక లోహపు గొట్టము, ఒక బిరడా, వాని నడుమ ఒక రబ్బరు బిళ్ళ. నావను గట్టునకు లాగినపుడు బిరడా తీయుదురు. లోపల నిలిచిన వాననీరు, కడిగిన మురికినీరు వెడలిపోవును. మరల నీట దింపుటకు ముందు బిరడా బిగింతురు. పని ఇంతయే. కాని తూము అరిగిన నాడు, నీటిని వెడలించుటకై చేసిన ఆ రంధ్రమే నీటిని లోనికి దెచ్చును. శత్రువు క్రొత్త ద్వారము వెదకుకొన నక్కఱలేదు.

శ్రీరామకృష్ణులు గృహస్థభక్తులకు నావను, నీటిని చూపి చేసిన బోధ పాఠకులు పలుమార్లు చదివినదే. ఆ నావకు తూము కూడ నొకటి గలదని తలచినచో సాధకునకు మఱియొక భయము తోచును.

మగ్గముల పని వెదకుకొని తెలంగాణమునుండి సూరతు చేరిన కుటుంబములు వేలకొలదిగా నున్నవి. అట్టి గృహస్థు నొకనిని ఊహింపుడు. ధనాశ తన్ను పట్టుచున్నదని గ్రహించి, నెలజీతములో కొంత భాగము అన్నదానమునకు తీసి పెట్టెను. మొదటి యేండ్లలో ఆ యిచ్చుట భార్యకు దప్ప మఱెవరికి తెలియదు. ఇచ్చినపుడెల్ల మనసు తేలికపడెను. తరువాత ఎవరో రాతిపలకపై ఆతని పేరు చెక్కించిరి. వలదన్నాడు, కాని గట్టిగా ననలేదు. మఱునటి యేడు తనకంటె తక్కువ యిచ్చినవాని పేరు పై వరుసలో కనబడగా ఆ రాత్రి నిద్రపట్టలేదు. లోభము బయటికి పోవుటకు తాను తొలిచిన రంధ్రముననే అభిమానము లోనికి వచ్చినది! జపము లెక్కకొఱకును, పశ్చాత్తాపము నలుగురిలో చెప్పుకొను కథగాను మాఱుట ఇట్టిదే.

సూరతు నగరమే దీనికి సాక్షి. వాననీటిని నదిలోనికి పంపుటకు కట్టిన కాల్వల నోళ్ళకు అచ్చట తలుపులున్నవి. తాపీ మట్టము పెరిగినపుడు వాటిని మూయకున్నచో నదీజలము ఎదురెక్కి ఆ త్రోవనే వీథులలోనికి వచ్చును. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో నది పొంగి నగరములో అధికభాగము మునిగిన సంగతి అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు.

అరిగిన తూమును గుర్తించుట సులభము కాదు. ఉప్పునీట ఇత్తడిలోని తుత్తునాగము మెల్లమెల్లగా హరించిపోవును. మిగిలిన రాగి గుల్లయై, పైకి మాత్రము పూర్వరూపముననే యుండును. రంగు కొంచెము ఎఱ్ఱబారుట తప్ప వేఱు గుర్తు తోచదు. మరమేకు త్రిప్పబోయిన నాడు అది పొడియై రాలును. ఏండ్ల తరబడి నియమము తప్పనివారు, నిజముగా వారే, తమ నియమమునొకమాఱు త్రిప్పి చూచుకొనవలసియున్నది.

అప్పుడు చేయదగినదేమి? కొందఱు పైన తారు పూయుదురు. అది నాలుగు దినముల ముచ్చట. కొందఱు విసిగి రంధ్రమును శాశ్వతముగా మూసివైతురు, దానము చెడినదని దానమే మానినట్లు. అట్టి నావ బయటినీటికి బదులు లోపలి వాననీటితో కుళ్ళును. తెలిసినవాడు తూమును మొత్తముగా ఊడదీయును. పాత లప్పము గీకి, చుట్టునున్న కొయ్యను కత్తిమొనతో పొడిచి చూచును; మెత్తబడినంత మేర, ఎంత మంచిపలక యైనను, చెక్కివేయును. పిదప కొయ్యను ఆరనిచ్చును. తడికొయ్యపై ఏ లప్పమును నిలువదు గనుక ఈ ఆరుటలో తొందర పనికిరాదు. సాధకునకు ఏకాంతము, మౌనము అట్టివి. ఎండలో ఊరక పడియున్న నావను చూచి పనిలేని నావ యనుకొనువారు అనుకొందురు గాక.

క్రొత్తతూము కంచుదైనచో మేకులును కంచువే కావలెను. ఇనుపమేకు కొట్టినచో ఉప్పునీట రెండింటికి పొసగదు. ఇనుము త్వరలో తినివేయబడును. పొరుగువానిని చూచి పట్టిన వ్రతము తన స్వభావమునకు అతుకని మేకు. మరమేకులను ఒకదాని తరువాత నొకటిగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒక్కదానినే బలముకొలది బిగించినచో పలక చీలును. ఉపవాసములతో దేహమును చీల్చుకొన్న ఉత్సాహవంతులు ఎందఱు లేరు!

పని ముగిసిన పిదప అనుభవజ్ఞుడు నావను వెంటనే నీట దింపడు. గట్టుననే లోపల నాలుగు కడవల నీరు పోసి, బిరడా బిగించి, బయట తూముక్రింద పొడిగుడ్డ పఱచి కూర్చుండును. ఆలోగా నదికి పోటు వచ్చును, తక్కిన నావలు ఒక్కొక్కటిగా కదలిపోవును, పోవువారు పిలుతురు. ఆతడు గుడ్డను చేతితో తడవి చూచును. ఒకచోట చెమ్మ తగులును. నీరు తోడివైచి, మరమేకులను మరల విప్ప నారంభించును.