అడ్డు లేని చోట తడబాటు



మా సంఘములోని ఒక కుటుంబపు అబ్బాయి రాయచూరులో డిగ్రీ చదువుతూ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుచున్నాడు. ఈమధ్య సెలవులకు ఇంటికి వచ్చి, ఆదివారము ఆరాధన అయిన తరువాత వేపచెట్టు క్రింద ముఖము వేలాడవేసుకొని కూర్చున్నాడు. ఏమిటి సంగతి అని పలకరించాము. “ఓడిపోయాం తాతగారూ, రెండు పాయింట్ల తేడాతో” అన్నాడు. అవతలి జట్టు అంత బలమైనదా అంటే, కాదట. తమ జట్టు వారంతా కలిసి పదకొండు ఫ్రీ త్రోలు పోగొట్టారట. అందులో నాలుగు ఇతనివే.

ఈ ఆట ఎరుగని పెద్దల కొరకు ఒక మాట. ఎదుటి జట్టు వాడు నియమము తప్పి మీద పడినప్పుడు, దెబ్బ తిన్నవానికి గీత మీద నిలబడి బంతి వేసే అవకాశము ఇస్తారు. గీతకు బోర్డుకు మధ్య దూరము 15 అడుగులు. రింగు ఎత్తు 10 అడుగులు, దాని వెడల్పు 18 అంగుళాలు. బంతి వెడల్పు సుమారు తొమ్మిదిన్నర అంగుళాలు. అంటే బంతికి దాదాపు రెండింతల తలుపు తెరిచి ఉన్నట్టే. ఆ సమయములో చెయ్యి అడ్డము పెట్టేవారు లేరు, వెంట పరుగెత్తేవారు లేరు. దూరము మారదు, ఎత్తు మారదు. మిగతా ఆటంతా పదిమంది త్రోపులాట. ఇది మాత్రము ఒక మనిషి, ఒక బంతి. అయినా తప్పుతుంది. ఎందుకు తప్పుతుంది అన్న ప్రశ్న ఆ సాయంత్రము మమ్మును పట్టుకొన్నది.

ఈ ఆటను కనిపెట్టినవాడు దైవశాస్త్రము చదివినవాడు అని మన యౌవనస్థులలో ఎందరికి తెలుసో! కెనడా దేశస్థుడు జేమ్స్ నైస్మిత్. మాంట్రియల్‌లోని ప్రెస్బిటేరియన్ కాలేజీలో చదువు ముగించుకొని, పుల్పిట్‌కు వెళ్ళక, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణాలయమునకు వెళ్ళాడు. 1891 డిసెంబరులో చలికి బయట ఆడలేని విద్యార్థుల కొరకు పీచ్ పండ్ల బుట్టలు రెండు బాల్కనీకి కొట్టించి, 13 నియమాలు వ్రాసి ఈ ఆట మొదలుపెట్టాడు. తరువాత 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి అక్కడి జట్టుకు మొదటి కోచ్ అయ్యాడు. ఆ విశ్వవిద్యాలయపు కోచ్‌లలో గెలిచిన ఆటల కంటే ఓడిన ఆటలు ఎక్కువ ఉన్నది ఆయనకు ఒక్కనికే అంటారు. ఆట పెట్టినవాడే ఓడిపోవడము మాకు ముచ్చటగానే తోచినది. మన దేశములో ఈ ఆట వ్యాపించుటకు కూడా వై.ఎం.సి.ఎ. వారే కారకులు. 1920లో మద్రాసులో వారు స్థాపించిన వ్యాయామ విద్యా కళాశాలలో తర్ఫీదు పొందిన డ్రిల్లు మాస్టర్ల చేతనే ఇటువంటి ఆటలు మన ఊళ్ళ పాఠశాలలకు చేరినవి.

ఫ్రీ త్రో చిక్కు మన రాయచూరు పిల్లలకే కాదు. అమెరికాలో కాలేజీ జట్లు 1960ల మధ్య నుండి 2009 వరకు నూటికి సుమారు 69 చొప్పుననే వేస్తూ వచ్చినవి. ఆటగాళ్ళ ఎత్తు పెరిగినది, బలము పెరిగినది, శిక్షణకు ఖర్చు పెరిగినది. ఈ లెక్క మాత్రము అక్కడే నిలిచినది. 2008లో మెంఫిస్ విశ్వవిద్యాలయపు జట్టు 38 ఆటలు గెలిచి ఒక్కటి మాత్రమే ఓడి జాతీయ ఫైనలుకు వచ్చినది. ఆ యేడు వారి ఫ్రీ త్రోలు నూటికి 61 దగ్గర ఉండేవి. విలేఖరులు అడిగినప్పుడల్లా, అవసరమైనప్పుడు మావాళ్ళు వేస్తారని కోచ్ చెప్పేవాడు. ఏప్రిల్ 7న కాన్సాస్ జట్టుతో ఆట. రెండు నిమిషాలకు కొంచెము పైగా మిగిలి ఉండగా మెంఫిస్ తొమ్మిది పాయింట్లు ముందున్నది. అక్కడ నుండి వారికి వచ్చిన చివరి ఐదు ఫ్రీ త్రోలలో నాలుగు తప్పినవి. ఇంకా 2.1 సెకన్లు ఉన్నాయనగా కాన్సాస్ ఆటగాడు దూరము నుండి వేసి సమము చేశాడు. అదనపు సమయములో 75–68తో కాన్సాస్ గెలిచినది. ఆ సంవత్సరపు మెంఫిస్ విజయాలు తరువాత వేరే కారణము చేత రికార్డుల నుండి తొలగించబడినవి. అది మన విషయము కాదు.

అభ్యాసము చాలక అని చెప్పుట తేలిక. కాని ఆ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు వేయగలిగినవారే. ఈ సంగతి మాకు టీచర్ ట్రైనింగు నాడే అనుభవము. క్రిటిసిజం పాఠము అని ఒకటి ఉండేది. లెసన్ ప్లాను కంఠతా వచ్చు, రోలప్ బోర్డు సిద్ధము, పిల్లలు ఎరిగిన పిల్లలే. వెనుక బెంచీలో సూపర్‌వైజరు నోటు పుస్తకము తెరచి కూర్చొనేసరికి సుద్దముక్క చేతిలో వణికేది. ఒకసారి కృష్ణానది పుట్టిన చోటు అడగబోయి, కలిసే చోటు అడిగి, పిల్లవాడు సరిగా చెబితే తప్పు అన్నాము! తెలియక కాదు. చూచుచున్నారన్న తలంపు తెలిసినదానిని మింగివేసినది. పాఠము పోయినది, మార్కులూ పోయినవి.

ఇంతవరకు బలహీనత. దీనిని పాపము అనుటకు మాకు మనసు ఒప్పదు. చెయ్యి వణికినవానిని దేవుడు తీర్పులోనికి తెచ్చునని మేము నమ్మము. కాని ఆ అబ్బాయి చెప్పిన తరువాతి మాట ఇంకొక రకమైనది. వారి కోచ్ ఇతని చేతివాటము చూచి, రెండు చేతులతో బంతిని మోకాళ్ళ మధ్య నుండి పైకి వేయమన్నాడట. అట్లా వేస్తే రెండు చేతులు సమానముగా కదులుతాయి, బంతి మెత్తగా దిగుతుంది. వేసి చూచినప్పుడు బాగానే పడినవట. “మరి ఆటలో ఎందుకు వెయ్యలేదురా?” అంటే, “ఆడపిల్లలా వేస్తున్నావని అందరూ నవ్వుతారు తాతగారూ” అన్నాడు. ఆడపిల్లలు తక్కువగా వేస్తారని ఎవరు చెప్పారో గాని, ఆ మాట లోకమంతటా ఉన్నదని తరువాత తెలిసినది.

విల్ట్ చాంబర్లేన్ అనే మహా ఆటగాడు 1962 మార్చి 2న ఒక్క ఆటలో నూరు పాయింట్లు చేశాడు. ఎన్.బి.ఎ.లో నేటికీ ఎవరూ దానిని దాటలేదు. ఆ రాత్రి 32 ఫ్రీ త్రోలలో 28 వేశాడు. క్రింద నుండే వేశాడు. ఆ సీజనులో నూటికి 61 పడినవి. తరువాత ఆ పద్ధతి విడిచి అందరి వలె పైనుండి వేయసాగాడు. 1967–68లో అతని లెక్క నూటికి 38కి దిగినది. క్రింద నుండి వేస్తే మగవాడివలె ఉండదని సిగ్గుపడ్డానని, అది తన పొరపాటని తన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. ఏడడుగుల మనిషి! ఎదుటివారిని తోసుకొని పోవడానికి భయపడనివాడు నవ్వుకు భయపడినాడు. అదే కాలములో రిక్ బ్యారీ క్రింద నుండి వేస్తూ నూటికి 90 దాకా వేసి పేరు తెచ్చుకొన్నాడు. అతని కుమారుడు క్యానియన్ కూడా ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు జట్టులో 2016–17లో తండ్రి వలెనే వేసి, వరుసగా 42 వేసి ఆ కాలేజీ రికార్డు చేశాడు. లూయివిల్‌లో చినాను ఒనువాకు అనే విద్యార్థి కోచ్ మాట విని పద్ధతి మార్చుకోగా, నూటికి 47 ఉన్నది 59 అయినది. లెక్కలు ఇంత స్పష్టముగా ఉన్నా వేలాది కాలేజీ పిల్లలలో ఈ మార్గము పట్టినవారిని వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును.

కాబట్టి మా ప్రశ్న ఇట్లు మారినది. మేలైనది ఫలానా అని తెలిసి, చేయగలిగి ఉండి, నవ్వుతారని మానుకొంటే ఆ తప్పు ఎవరిది?

మేము వెంటనే ఆ అబ్బాయికి నయమాను కథ చెప్పాము. బాప్టిస్టులము గదా, నీళ్ళు కనబడితే విడిచిపెట్టము. సిరియా సేనాధిపతి కుష్ఠు పోవుటకు ఎలీషా గుమ్మము వద్దకు వచ్చాడు. ప్రవక్త బయటికైనా రాక, యొర్దానులో ఏడు మారులు మునుగుమని కబురు పంపాడు. నయమానుకు కోపము వచ్చినది. దమస్కులో అబానా, ఫర్పరు ఉండగా ఈ నది ఏమిటి అన్నాడు. నీళ్ళ గుణము గురించి అతనికి అనుమానము లేదని మా అభిప్రాయము. రథములు, గుఱ్ఱములు, పరివారము చూచుచుండగా బట్టలు విప్పి పరదేశపు నదిలో మునగవలె. అది నామర్దా. అతని పరివారము నవ్వి ఉంటే ఏమయ్యేదో! వారు నవ్వలేదు. తండ్రీ అని పిలిచి బ్రతిమాలుకొన్నారు. ఈ కథ ఎన్నిసార్లో చదివాము గాని ఆ సేవకుల మీద మా కన్ను ఇంతకు ముందు నిలువలేదు. అసలు మొదట మాట చెప్పినది చెరపట్టబడిన చిన్నపిల్ల, మనవలెనే ఊరు విడిచి వచ్చినది. ఆమె పరభాషలో తడబడుచు చెప్పినదేమో! ఆ ఇంటివారు ఆమె ఉచ్చారణకు నవ్వక, మాట విన్నారు.

ఇంతవరకు మేము గొప్పగా చెప్పి ముగించబోగా ఆ అబ్బాయి తల ఎత్తకుండానే అడిగాడు. “సరే తాతగారూ, మా చెల్లి చదివినప్పుడు నవ్వింది ఎవరు?”

ఆ సంగతి మీకు చెప్పక తప్పదు. నారాయణపుర కుడి కాలువ నీళ్ళను నమ్ముకొని వచ్చి క్యాంపులలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కన్నడ మీడియంలో చదువుతారని మీకు తెలిసినదే. తెలుగు ఇంట్లో అమ్మ నేర్పినంతే. రెండేండ్ల క్రిందట యౌవనస్థుల ఆదివారమున ఆ పాప వాక్య పఠనమునకు నిలబడి, నిర్గమకాండములోని వాగ్దాన దేశపు మాట దగ్గర ‘పాలు’ అనవలసిన చోట ‘హాలు’ అని చదివినది. కన్నడములో పాలను హాలు అనే అంటారు, కంటికి తెలుగు కనబడినా నాలుకకు బడి మాట వచ్చినది. హాలు, తేనె అనగానే సంఘమంతా ఘొల్లుమన్నది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలము మేమూ నవ్వాము. చెడు తలంపుతో కాదు, ముచ్చటకే. ఆ పాప వాక్యము ముగించి కూర్చున్నది. అప్పటి నుండి ఎంత పిలిచినా మరల నిలబడలేదు. బిడియము అనుకొన్నాము. ఎప్పుడూ మమ్మును మేము అడుగుకొనలేదు.

ఆట చరిత్రలో ఒక పాత నియమమున్నది. 1923 వరకు జట్టులో చేయి తిరిగిన ఒక్కడే అందరి ఫ్రీ త్రోలు వేయవచ్చును. తరువాత ఎవరు దెబ్బ తిన్నారో వారే వేయవలెనని మార్చారు. ఈ మార్పు బాప్టిస్టులకు నచ్చవలసినదే. ఒకరి విశ్వాసము మరియొకరు ఒప్పుకొనలేరని, పసిబిడ్డ తరపున పెద్దలు పలుకుట చాలదని మన పితరులు పట్టుబట్టారు. ఆ లెక్కన అబ్బాయి నవ్వుకు వెరచి మానినది అతని తప్పే. మేమేమీ తగ్గించము. అయితే గీత మీద ఒంటరిగా నిలబడినవాని చుట్టూ మందిరమంత జనము ఉన్నది. నవ్వినవారికి పాలు లేదా? బలహీనుడైన సహోదరునికి ఆటంకము పెట్టవద్దని రోమా సంఘమునకు పౌలు వ్రాసినది భోజనము గురించే అయినా, మా నవ్వుకు కూడా అది చుట్టమని మాకు తోస్తున్నది. వారి వారి పాళ్ళు ఎంతెంత అని త్రాసులో వేయుట మావల్ల కాలేదు. ఒకరి తప్పు ఒప్పుకొన్నందువలన రెండవవారి తప్పు తగ్గుట లేదు, అంతమాత్రము తెలిసినది.

ఒక తోటి పెద్ద ఇది విని, “నవ్వకపోతే పిల్లలు తెలుగు ఎట్లా దిద్దుకొంటారండీ? మన భాష పోదా?” అన్నారు. ఆయన బాధలో నిజమున్నది. మా ఇంటిలోనే మనుమలు కన్నడములో కొట్లాడుకొంటారు. కాని ముప్పది యేండ్లు పలక మీద అక్షరాలు దిద్దించినవారిగా చెప్పుచున్నాము: దిద్దుటకు బిడ్డ ప్రక్కన కూర్చోవాలి, నవ్వుటకు ఎదురుగా కూర్చుంటే చాలును. నవ్వు వలన ఆ పాప తెలుగు బాగుపడలేదు, ఆగిపోయినది.

మా సంఘములోనికి కన్నడ కుటుంబాలు కొన్ని వస్తున్నందున, మన పిల్లల సౌకర్యమునకు కూడా, వాక్యము కన్నడములో కూడా చదువుదామని కమిటీలో ఎప్పుడో అనుకొన్నాము. చదవడానికి మాత్రము పెద్దలలో ఎవరూ ముందుకు రాలేదు. కారణము ఇప్పుడు వేరే చెప్పనక్కరలేదు. ఇన్నేండ్లు ఇక్కడ ఉన్నా సంతలో మేము ‘హాలు’ అడుగబోయి ‘పాలు’ అంటాము. కన్నడములో దానికి వాటా అని అర్థము. అంగడివాడు ఏ వాటా అని అడుగుతాడు.

వచ్చే ఆదివారము నిర్గమకాండము 3వ అధ్యాయము కన్నడములో చదువుటకు మేము పేరు ఇచ్చాము. అబ్బాయి రాయచూరు తిరిగి వెళ్ళాడు. తెల్లవారుఝామున కోర్టులో ఎవరూ లేనప్పుడు క్రింద నుండి వేస్తున్నాడట, ఆటలో సంగతి ఇంకా చెప్పలేనన్నాడు. ఇక్కడ సాయంత్రాలు వాళ్ళ చెల్లి మా ఇంటికి వచ్చి ప్రక్కన కూర్చొని చదివిస్తున్నది. నిన్న ఎనిమిదవ వచనము దగ్గర మమ్మును మూడుసార్లు దిద్దినది. నాలుగవసారి తాను ఆపుకొనలేక నవ్వినది.