కోడిపిల్లపై చూపే దయ వృథాయేనా?

గత శీతాకాలంలో ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా పిల్లలు వాకిట్లో దిగులుగా కూర్చుని ఉన్నారు. ముందురోజు సైకిలుపై గంపలో అమ్మకానికి వచ్చిన కోడిపిల్లల్లో రెండింటిని వారికి మేమే కొనిచ్చాము. రాత్రి వాటిని గంప కింద మూసి పడుకున్నాము. తెల్లవారేసరికి అవి తలలు వాల్చి, రెక్కలు జారవేసి, అరిచే ఓపిక కూడా లేక పడి ఉన్నాయి. కాళ్ళు తాకితే చల్లగా ఉన్నాయి. ఇంటికి వచ్చిన బంధువు ఒకరు, "పోనివ్వండి మౌలానా! బతికినా రేపు కోసుకు తినేవే కదా, ఇంత శ్రమ దేనికి?" అన్నారు.

ఈ ప్రశ్న చాలామంది మనసుల్లో ఉన్నదే. తినడానికి అనుమతి ఉన్న ప్రాణి బాధను పట్టించుకోవలసిన బాధ్యత మనపై ఉందా?

హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు 'ముస్లిం' గ్రంథంలో ఉంది. జిబహ్ చేసేటప్పుడు సైతం ఉత్తమ రీతిలో చేయాలని, కత్తికి పదును పెట్టుకుని ఆ ప్రాణికి బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) అందులో ఆదేశించారు. చివరి ఘడియలోనే ఇంత దయ చూపవలసి ఉంటే, అంతకు ముందున్న రోజుల మాటేమిటి? తినే అనుమతి వేరు, నిర్లక్ష్యం చేసే అనుమతి వేరు. మొదటిది అల్లాహ్ ఇచ్చాడు. రెండవది ఎవరికీ ఇవ్వలేదు.

మరో సంఘటన చూడండి. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక చిన్న పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లి పక్షి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు 'అబూదావూద్'లో ఉంది. మేము కొన్న పిల్లలకు తిరిగి ఇచ్చేందుకు తల్లి లేదు. కనుక తల్లి రెక్కల కింద దొరకవలసిన వెచ్చదనాన్ని సమకూర్చే బాధ్యత కొన్నవారిదే. అవి మా చేతిలోని అమానత్. గంప మూసినది కూడా మేమే.

ఇలాంటి పిల్లకు మొదట కావలసింది మేత కాదు, వెచ్చదనం. చల్లబడిన పిల్ల మేతను అరిగించుకోలేదు. తడిగా ఉంటే మెత్తని గుడ్డతో అద్ది, గుడ్డ పరిచిన అట్టపెట్టెలో ఉంచి, ఒక పక్క పైన పాతరకం 60 వాట్ల బల్బు వేలాడదీయాలి. ఎల్‌ఈడీ బల్బు చాలినంత వేడినివ్వదు. కరెంటు లేకపోతే సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టవచ్చు. మొదటి వారం బల్బు కింద సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పెట్టె రెండో పక్క కాస్త చల్లగా ఉండాలి. పిల్లలు బల్బు కింద ముద్దగా చేరితే చలి అని, ముక్కు తెరిచి దూరంగా పోతే వేడి ఎక్కువైందని గ్రహించాలి. తేరుకుని తల ఎత్తాక, గోరువెచ్చని పంచదార నీటి చుక్కను ముక్కు అంచున తాకించాలి. గొంతులో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మేత ఆ తర్వాతనే.

జుహర్ వేళకు ఒక పిల్ల లేచి నిలబడింది. రెండోది అస్ర్ లోపే చనిపోయింది. మా చిన్నమ్మాయి కన్నీళ్ళతో, "అబ్బాజాన్, దీనికోసం చేసిందంతా వృథాయేనా?" అని అడిగింది.

'ముస్నద్ అహ్మద్'లో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చిపడినా, వీలైతే ఆ మొక్కను నాటమన్నారు దైవప్రవక్త (స). ఆ మొక్క పెరగదు, నీడనివ్వదు. అయినా నాటమన్నారు. అంటే ఫలితం మన చేతిలో లేదు, ప్రయత్నం మాత్రమే మన బాధ్యత. ప్రాణం పోయడం, తీయడం అల్లాహ్ పని. "లేదమ్మా, నీ దయ అల్లాహ్ వద్ద భద్రంగా ఉంది" అని చెప్పాము. అయితే రాత్రి మేము చేసిన నిర్లక్ష్యానికి తౌబా చేసుకోవలసింది మేమేనని కూడా చెప్పాము.

సోదర సోదరీమణులారా! పిల్లల ముచ్చట కోసం ప్రాణిని కొనేముందు, దాన్ని ఆ రాత్రి వెచ్చగా ఉంచగలమా అని ఆలోచించండి. మన ఆధీనంలో ఉన్న ప్రతి బలహీన ప్రాణి పట్ల దయ చూపే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.