కర్ట్ ఫ్లడ్ అడిగిన ఒక్క ప్రశ్న

ఈ వేసవిలో మా అబ్బాయిని బేస్‌బాల్‌లో చేర్చాం. కోచ్ వాణ్ణి అవుట్‌ఫీల్డ్‌లో నిలబెట్టాడు. మన క్రికెట్ భాషలో బౌండరీ దగ్గర ఫీల్డింగ్. బంతి తన వైపు రాక గడ్డి పీకుతూ నిలబడుతున్నాడు. వాడికి ఉత్సాహం కలిగిద్దామని గొప్ప అవుట్‌ఫీల్డర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. అలా కర్ట్ ఫ్లడ్ పరిచయమయ్యాడు. వాడికి చెప్పాలనుకున్న కథ చివరికి నన్నే పట్టుకుంది.

ఫ్లడ్ 1938లో హ్యూస్టన్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పెరిగిన నల్లజాతి ఆటగాడు. 18 ఏళ్లకే ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చాడు. దక్షిణాది ఊళ్లలో తోటి తెల్ల ఆటగాళ్లు హోటల్ లోపల కూర్చుని తింటుంటే, తనకు వెనక గుమ్మమే గతి. 1958 నుంచి 12 సీజన్లు సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు సెంటర్ ఫీల్డర్‌గా ఆడాడు. 1963 నుంచి 1969 దాకా వరుసగా ఏడేళ్లు, ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. 1964లోనూ 1967లోనూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 1969లో అతని జీతం 90,000 డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం.

ఆ అక్టోబరులో ఒక తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. నిన్ను ఫిలడెల్ఫియా జట్టుకు ఇచ్చేశాం అన్నారు. అతని ఇష్టం ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ లేదు. అప్పటి కాంట్రాక్టుల్లో రిజర్వ్ క్లాజ్ అనే నిబంధన ఉండేది. గడువు ముగిసినా ఆటగాడి మీద హక్కు జట్టుదే. ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆటగాడు మాత్రం ఇంకో జట్టుతో మాట్లాడకూడదు. ఐపీఎల్ వేలం చూసే మనకు ఇది మామూలే అనిపించొచ్చు. కానీ వేలానికి ఆటగాడు తన పేరు తానే ఇస్తాడు. ఫ్లడ్ ముందున్నవి రెండే దారులు: చెప్పిన చోటికి వెళ్లడం, లేదా ఆట మానేయడం.

అతను రెండూ కాదన్నాడు. 1969 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందురోజు, బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. ఇన్నేళ్లు ఆడిన తర్వాత కూడా నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మడానికి నేను ఆస్తిని కాను, మిగతా జట్లు ఏమంటాయో వినే హక్కు నాకుంది అని దాని సారాంశం. కమిషనర్ ఒప్పుకోలేదు. ఇంత జీతం తీసుకుంటూ ఈ ఫిర్యాదేమిటని టీవీ ఇంటర్వ్యూలో అడిగితే, ఎంత జీతమిచ్చినా బానిస బానిసేనన్నాడు.

కోర్టుకు వెళ్లేముందు ఆటగాళ్ల యూనియన్ నాయకుడు మార్విన్ మిల్లర్ అతన్ని గట్టిగానే హెచ్చరించాడు. గెలిచే అవకాశం దాదాపు లేదు, నీ ఆట ఇంతటితో ముగిసినట్టే అని. అప్పుడు ఫ్లడ్ అడిగింది ఒక్కటే: దీనివల్ల మిగతా ఆటగాళ్లకు, రేపు వచ్చేవాళ్లకు మేలు జరుగుతుందా? జరుగుతుందన్నాడు మిల్లర్. అయితే నాకు అది చాలు అన్నాడు ఫ్లడ్.

ఇక్కడికి వచ్చేసరికి నాకు చదవడం సాగలేదు. ఇలాంటి పరిస్థితిలో ఒకరు నా దగ్గరకు వచ్చారు కాబట్టి.

ఎమ్మెస్ అయ్యాక హెచ్‌1బి మీద ఒక కన్సల్టెన్సీలో చేరాను. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్న నెలలకు వాళ్లు జీతం ఇచ్చేవాళ్లు కాదు. అది చట్టవిరుద్ధమని మా అందరికీ తెలుసు. మాతో పనిచేసే ఒక అన్న లేబర్ డిపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు రాసి, "సంతకం పెడతావా తమ్ముడూ?" అని అడిగాడు. నా గ్రీన్ కార్డు ఫైలు అప్పుడే కదిలింది. ఇంటి దగ్గర చెల్లి పెళ్లి అప్పు ఉంది. "ప్రార్థన చేసుకుని చెప్తానన్నా" అన్నాను. నిజానికి చేయలేదు. చేస్తే ఏ జవాబు వస్తుందో తెలుసు.

అన్న ఒక్కడే పంపాడు. ఏదో కారణం చెప్పి ఆయన్ని తీసేశారు. 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్క కుటుంబంతో ఇండియా వెళ్లిపోయాడు. ఏడాది తిరిగేసరికి బెంచ్ జీతాలు రావడం మొదలైంది. నేనూ తీసుకున్నాను. అందులోంచి దశమభాగం కూడా ఇచ్చాను.

ఫ్లడ్ కేసు విచారణలో జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యం చెప్పాడు. కానీ అప్పటికి ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ కోర్టుకు రాలేదు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. వాళ్లలో నేనున్నాను.

1972 జూన్‌లో సుప్రీం కోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 1970 సీజన్ మొత్తం అతను ఆడలేదు. 1971లో వాషింగ్టన్ జట్టుకు 13 ఆటలు మాత్రమే ఆడి, అన్నీ వదిలేసి స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్లిపోయాడు. తాగుడు అతన్ని చాలా ఏళ్లు వదల్లేదు. అతన్ని పరిశుద్ధుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. అతని నిర్ణయానికి అతని పిల్లలు కూడా వెల కట్టారు.

అతను ఓడిపోయిన మరుసటి ఏడాదే కొత్త ఒప్పందం వచ్చింది. పదేళ్లు ఆడి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతని అనుమతి లేకుండా మార్చకూడదు. అది ముందే ఉంటే ఫ్లడ్‌ను ఎవరూ కదిలించలేకపోయేవారు. 1975 డిసెంబరులో ఇద్దరు పిచర్ల విషయంలో మధ్యవర్తి ఇచ్చిన తీర్పుతో రిజర్వ్ క్లాజ్ బలం పోయింది. ఆ తర్వాత ఆటగాళ్ల జీతాలు ఎక్కడికో వెళ్లాయి. ఫ్లడ్ 1997 జనవరిలో గొంతు క్యాన్సర్‌తో, 59 ఏళ్లకు చనిపోయాడు. 1998లో అతని పేరుతోనే అమెరికాలో ఒక చట్టం వచ్చింది.

కోర్టులో ఓడిపోయాడు కదా, తర్వాత గెలిచింది వేరేవాళ్లు కదా అని ఒక సహోదరుడు నాతో వాదించాడు. నెబో కొండ మీద నిలబడి కనానును చూసిన మోషేను గుర్తు చేశాను. అయినా మోషేకు ఒక వాగ్దానం ఉంది. ఫ్లడ్‌కు మిల్లర్ మాట తప్ప ఏమీ లేదు.

ప్రతివాడూ సంతకం పెట్టి తీరాలని నేననను. కుటుంబ భారం కూడా దేవుడిచ్చిందే. మోయలేకపోవడం బలహీనత, దానికి క్షమాపణ ఉంది. కానీ మోసినవాణ్ణి మర్చిపోయి, అతను తెచ్చిపెట్టింది తింటూ, ఇదంతా దేవుడు నాకిచ్చిన ఆశీర్వాదమని సాక్ష్యం చెప్పుకోవడం వేరే సంగతి. భయానికి ప్రార్థన అని పేరు పెట్టడం ఇంకా వేరు. నేను ఆ రెండూ చేశాను.

పోయిన నెల అన్న నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆ రోజు ప్రార్థన చేయలేదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీకందరికీ జీతాలు వచ్చాయా తమ్ముడూ?" అని అడిగాడు.

"వచ్చాయన్నా."

"మంచిదే" అన్నాడు.

మన సహవాసంలోకి ఏటా కొత్త పిల్లలు వస్తున్నారు, అవే కంపెనీలు, అవే కాంట్రాక్టులు. ఎవరో ఒకరు మళ్లీ కాగితం పట్టుకుని నా దగ్గరకు వస్తారు. ఈసారి మాత్రం నిజంగా ప్రార్థన చేస్తాను.