తీరికపని

పశ్చిమ గోదావరి జిల్లాలోని యొక కళాశాలలో విద్యార్థులు కొందరు అల్లిక సంఘమొకటి స్థాపింపదలచి నన్ను సంప్రదించిరి. వారమునకొక సాయంకాలము, తరగతులు ముగిసిన పిమ్మట కూడుకొందురట. ఊలుతో స్వెట్టరులును, నూలుదారముతో లేసును అల్లుట నేర్చుకొందురట. ఇంత చిన్న విషయమున కాలోచన యేల యని మొదట నాకు తోచినది. కాని నాలుగు దినములు గడువకమునుపే మూడు తెఱగుల ఆక్షేపణలు నా చెవిని బడినవి. వానిని కలిపి చూడగా దీనియందొక ధర్మసందేహము దాగియున్నదని తెలిసికొంటిని.

మొదటి ఆక్షేపణ, నాతోపాటు స్త్రీవిద్యకై పాటుపడిన మిత్రురాలిది. "సూది చేతికిచ్చి ఆడపిల్లను మూల కూర్చోబెట్టిన రోజులు పోయాయని సంతోషిస్తున్నాము. మళ్లీ ఆ సూదినే కాలేజీలోకి తెస్తారా?" అని యామె యడిగినది. రెండవది యొక తండ్రిగారిది: పరీక్షలకు చదువవలసిన కాలమును దారమునకు చుట్టివేయుట యేల యని. మూడవది విద్యార్థులలోనే పుట్టినది. మగపిల్లవాడొకడు సంఘమున చేరబోగా తోడివారు నవ్విరి.

ఆ నవ్వునకు సమాధానము సులభము. పదునారవ శతాబ్దిలో ఐరోపా నగరములందు మేజోళ్లల్లు వృత్తిసంఘములు పురుషులవే. నేత మన దేశమున పురుషులకు తలవంపులు తేలేదు. పనికి స్త్రీపురుష భేదమును కల్పించినది సూది కాదు; ఆ పనికి ముట్టు ప్రతిఫలమును, దానికి గల పేరును పంచుకొనుటలో మనము చూపిన పక్షపాతమే.

తండ్రిగారి సందేహము తోసివేయదగినది కాదు. విద్యార్థికి కాలమే ధనము. అయినను ఈ పనిలోని శిక్షణ యెట్టిదో వారు చూడవలెను. లేసుకు కొక్కెము గల సూది యొక్కటి చాలును; దానిపై నిలిచిన యొక్క ఉచ్చునుండి మఱియొకటి పుట్టుచుండును. చక్రము చదునుగా రావలెనన్న వరుసవరుసకును సమానసంఖ్యగా కుట్లు పెంచుకొని పోవలెను. తక్కువైనచో గిన్నెవలె ముడుచుకొనును. ఎక్కువైనచో అంచు అలలుగా లేచును. లెక్క తప్పిన సంగతిని వేఱొకరు చెప్పనక్కఱలేదు, చేతిలోని పనియే చెప్పును. తప్పిన చోటివరకు దారము లాగి విప్పి, సిగ్గుపడక మరల మొదలిడవచ్చును. ఇట్టి పాఠము పుస్తకములలో అరుదు.

మిగిలినది నా మిత్రురాలి ప్రశ్న. దానికి సమాధానము వెదకుచుండగా సంఘపు తొలి సమావేశమున నొక సంగతి జరిగినది. అధ్యాపకులొకరు లేచి, ఇది విద్యార్థులకు చక్కని తీరికపని యని మెచ్చుకొనిరి. అందఱును చప్పట్లు కొట్టిరి. ఒక విద్యార్థిని మాత్రము కొట్టలేదు. ఆమె తల్లి యింట లేసు అల్లి కూలి గడించునది. సభ ముగిసిన పిదప ఆమె నాతో, "మా అమ్మ చేసేదాన్ని కూడా తీరికపనే అంటారండీ. అందుకే కూలి అంత తక్కువ," అన్నది.

ఆ పిల్ల యొక్క వాక్యమున చెప్పినది నరసాపుర ప్రాంతపు చరిత్ర. 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మెక్రే యను మిషనరీ దంపతులు ఈ యల్లికను అచ్చటి స్త్రీలకు నేర్పిరని చెప్పుదురు. కాలక్రమమున అది సముద్రములు దాటు వర్తకమైనది. దారము ఇల్లిల్లును చేరును. అల్లిన ముక్కలు చేతులు మాఱి వర్తకుని కొట్టునకు పోవును. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో గ్రంథమొకటి ప్రకటించెను. వీరు పనివారు కారు, ఇంట కూర్చున్న గృహిణులు, వీరిది తీరికవేళ వ్యాపకము అను భావమే వారి కూలిని అడుగంట నిలిపినదని ఆమె వాదము. 2024లో నరసాపురపు లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. పనికి పేరు వచ్చినది, మంచిదే. పనివారి గంటకు వెల వచ్చినదా యను ప్రశ్న మాత్రము మిగిలియేయున్నది.

మేజోళ్లల్లు చట్రమును ఇంగ్లండున విలియం లీ 1589లోనే కనిపెట్టెను. కొక్కెపు సూది యల్లికకు అట్టి యంత్రము నేటికిని వాడుకకు రాలేదు. కనుక నొక లేసు గుడ్డ మన బల్లపై నున్నదన్న, ఒకరి వ్రేళ్లు దానిలోని ప్రతి కుట్టును తాకియుండవలెను.

ఇది తెలిసియు నేను తెలియనిదానివలెనే వర్తించితిని. సంఘపు పిల్లలతో కూర్చుండి అఱచేతి వెడల్పు చక్రమొకటి అల్లితిని. రెండు సాయంకాలములు పట్టినది. అందు సగము విప్పి మరల అల్లినదే. ఇంటికి వచ్చి, యేండ్లక్రిందట కొన్న బల్లగుడ్డను పఱచి అట్టి చక్రములను లెక్కించితిని. నలువదియెనిమిది. ఆరితేరిన చేయి నాకంటె నెన్నియో రెట్లు వడిగా సాగునని యొప్పుకొందును. అయినను ఆ గుడ్డను బేరమాడి, సగము ధరకు తెచ్చితినని నలుగురితో గొప్పగా చెప్పుకొన్నదానను నేనే. నాడు నేను తగ్గించినది దారపు వెలను కాదు. విప్పిన దారము తిరిగి ఉండకు చేరును. అల్లిన గంటలు ఆ స్త్రీకి తిరిగి రావు.

1935లో గాంధీగారు వడుకు స్త్రీలకు బ్రదుకుదెరువునకు చాలు వేతనము ముట్టవలెనని పట్టుబట్టినప్పుడు, ఖద్దరు ధర పెరుగునని ఆ యుద్యమములోని వారే వెఱచిరి. చవుక ధరను కోరు మనస్సు వర్తకునియందు మాత్రమే యుండునది కాదు. ఆదర్శములు గల గృహములందును ఉండును.

కావున నా మిత్రురాలికి నేనిట్లు చెప్పితిని. సూది బానిసత్వము కాదు. లెక్క లేని సూది బానిసత్వము. విద్యార్థులకును ఇదే చెప్పి యొక నియమమును సూచించితిని: ప్రతి సభ్యుడును చిన్న పుస్తకమొకటి యుంచుకొని, అల్లిన ప్రతి వస్తువునకు పట్టిన దారమును, గంటలను వ్రాయవలెను. అమ్మినను, కానుకగా నిచ్చినను ఆ గంటల సంఖ్యను వస్తువుతోడనే తెలుపవలెను. సంతోషమునకై అల్లుకొనుటలో దోషము లేదు. తన సంతోషమునకు పట్టిన కాలమును కొలిచినవారు ఇతరుల జీవనమునకు పట్టిన కాలమును తక్కువగా తూచుటకు సంకోచింతురని నా నమ్మకము.

నియమము ఏకగ్రీవముగా అంగీకరింపబడినది. రెండవ సమావేశమునకు ఆ విద్యార్థిని తల్లియే పాఠము చెప్ప వచ్చినది. ఆమెకు గంటకింత యని వేతనమిచ్చుటకు పిల్లలు చందాలు వేసికొనిరి. ఆమె మొదట వలదన్నది. "ఇంట్లో ఊరికే చేసేదే గదా," అన్నది. కూతురు పుస్తకము తెఱచి గంటలు వ్రాసి తల్లిచేత సంతకము చేయించినది.